రైమీ స్పైడర్‌మ్యాన్ మూడు భాగాలు: రెండోది నిజంగా అంత గొప్పదా, మూడోది నిజంగా అంత చెత్తా?

చిక్కడపల్లి_చందు:

సామ్ రైమీ తీసిన మూడు స్పైడర్‌మ్యాన్ సినిమాల సంగతి ఎవర్ని కదిపినా ఒకటే పాట. మొదటిది బాగుంది, రెండోది కేక, మూడోది దండగ. 2002, 2004, 2007లో వచ్చిన సినిమాలు. ఈ తీర్పు మాత్రం అప్పట్నుంచీ మారలేదు. వసూళ్లేమో తీర్పుకి ఎదురు తిరుగుతాయి. ప్రపంచం మొత్తమ్మీద మొదటిదానికి 82 కోట్ల డాలర్ల చిల్లర, రెండోదానికి 79 కోట్లకు దగ్గర, మూడోదానికి 89 కోట్ల పైన. అందరూ మెచ్చుకున్నది అన్నిటికంటే తక్కువ, అందరూ తిట్టినది అన్నిటికంటే ఎక్కువ.

నా ఓటు కూడా రెండోదానికే. కానీ విలన్ వల్ల కాదు, ట్రైన్ ఫైట్ వల్లా కాదు. ఆ సినిమాలో హీరో పీటర్ జేబులో డబ్బుల్లేవు. అదే దాని బలం అంటాను. మొదలైన కాసేపటికే పిజ్జా డెలివరీ ఉద్యోగం ఊడుతుంది. పేపరాఫీసులో ఫోటో అమ్మితే, పాత అడ్వాన్సుకే ఇది చాలదని క్యాషియర్ దగ్గర తేలిపోతుంది. కాలేజీలో ప్రొఫెసర్ ఫెయిల్ చేస్తానంటాడు. ఇంటి ఓనర్ అద్దె కోసం గుమ్మంలో కాపు కాస్తాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నది ఇతన్ని చూసే పుట్టిందేమో.

పీటర్‌ని పెంచిన మే ఆంటీ ఇల్లు బ్యాంకు చేతిలోకి పోయేలా ఉంటుంది. అయినా పీటర్ పుట్టినరోజుకని ఆవిడ ఇరవై డాలర్లు చేతిలో పెడుతుంది. వద్దంటాడు. ఆవిడ ఒక్కసారిగా గట్టిగా అరుస్తుంది, తీసుకో అని. వెంటనే ఏడుస్తుంది. సూపర్ హీరో సినిమాలు ఎన్నో చూశాను, ఇరవై డాలర్ల నోటు మీద ఇంత బరువు పెట్టిన సీన్ ఇంకొకటి తగల్లేదు.

మూడోదాంట్లో ఆ బరువు లేదు. ఊరంతా అభిమానులు, ఊరి తాళం చెవి బహుమానం, ఊరేగింపు. కష్టం లేని హీరోకి ముగ్గురు విలన్లను తెచ్చి మీద పడేస్తే కష్టం వచ్చినట్టవుతుందా? చెప్పండి.

బోయిన్‌పల్లి_బన్నీ:

నో వే హోమ్ ముందు ఇవన్నీ ఎందుకు బ్రో. ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లూ ఒకేసారి స్క్రీన్ మీద కనిపించినప్పుడు థియేటర్ ఊగిపోయింది.

చిక్కడపల్లి_చందు:

తమ్ముడూ, హెడ్డింగ్‌లోనే రైమీ అని రాశాను. దానికి వేరే థ్రెడ్ పెట్టు, నేనూ వస్తా.

పాత_రీలు:

బన్నీ, ఆ సినిమా మన దగ్గర 2021 డిసెంబర్ 16న వచ్చింది, మర్నాడే పుష్ప. క్రాస్‌రోడ్స్‌లో ఎవరు ఎవరి కోసం అరుస్తున్నారో తెలియని వారం అది. థియేటర్ ఊగడాన్ని కొలతగా పెట్టుకుంటే ఆ వారం ఏ సినిమాకైనా ఆస్కార్ ఇచ్చేయొచ్చు. పైగా నీకు నచ్చిన ఆ సీన్‌లో సగం బలం ఈ పాత సినిమాలదే. ఈ మూడింటి హీరో టోబీ మాగ్వైర్ అడుగు పెట్టగానే జనం లేచింది 2004 జ్ఞాపకంతో కదా.

కాచిగూడ_కిరణ్:

చందన్నా, నేను గచ్చిబౌలి సైడు డెలివరీ చేస్తా. రెండో పార్ట్‌లో పిజ్జా సీన్ గురించి చెప్పాలె. అందరూ దాన్ని కామెడీ అంటరు. 29 నిమిషాల గ్యారెంటీ, ఇతనికి మిగిలింది ఎనిమిది నిమిషాల లోపు, దారిలో ఇద్దరు పిల్లలు లారీ కిందికి పోబోతుంటే కాపాడతాడు. పిజ్జా డబ్బాలు ఎవరి బాల్కనీలోనో పెడితే ఇంటాయన మూత తీసి తినబోతడు. తర్వాత డ్రెస్ మార్చుకోడానికి చీపుర్ల గదిలో దూరితే, బయటికి రాంగనే చీపుర్లన్నీ మీద పడతయి. ఒకటి సర్దితే ఇంకోటి. కౌంటర్ దగ్గర మేడమ్ అట్లనే చూస్తుంటది, ఏం మాట్లాడదు. చివరికి లేటైంది, పైసలియ్యను అంటది.

ఆ చూపు మాకు తెలుసు. పదిహేనో అంతస్తుకి లిఫ్ట్ లేక ఎక్కిపోయినా అదే చూపు. లేట్ ఎందుకైందో ఎవరూ అడగరు, అడిగినా చెప్పేది నమ్మరు. పీటర్ కూడా చెప్పలేడు. రైమీ సార్ ఆ చీపుర్ల మీద అంతసేపు ఎందుకు ఆగిండో నాకైతే అర్థమైంది.

చిక్కడపల్లి_చందు:

కిరణ్ తమ్ముడూ, థ్రెడ్ పెట్టినందుకు ఈ ఒక్క పోస్టు చాలు.

ఎడిట్‌రూమ్_బాబాయ్:

కృష్ణానగర్‌లో చాలా ఏళ్లుగా ఎడిటింగ్ టేబుల్ ముందే కూర్చున్నవాణ్ని, కాబట్టి కథ కంటే అతుకులు ముందు కనిపిస్తాయి. చందూ, డబ్బు విషయం బాగా పట్టావు. కానీ ‘ముగ్గురు విలన్లు ఎక్కువయ్యారు’ అనే మాటతో నాకు పేచీ ఉంది. ముగ్గురు కాదు, ఐదుగురున్నా సినిమా నిలబడుతుంది. ఒకడి పని వల్ల ఇంకొకడు రావాలి, అంతే.

రెండోది తీసుకో. పీటర్ మాట తప్పి నాటకానికి ఆలస్యంగా వెళ్తాడు, ప్రేమించిన మేరీ జేన్ దూరమవుతుంది. ఆ దిగులుతో శక్తి సడలుతుంది, సాలెగూడు మధ్యలో ఆగిపోతుంది. శక్తి పోయింది కాబట్టి వేషం చెత్తబుట్టలో పారేస్తాడు. పారేశాడు కాబట్టి ఊళ్లో నేరాలు పెరుగుతాయి, ఇంకోపక్క విలన్ ఆక్టోపస్ డాక్టర్‌కి అడ్డు చెప్పేవాడుండడు. ఏ సీన్ తీసి పక్కన పెట్టినా తర్వాతి సీన్ కూలిపోతుంది. టేబుల్ మీద కూర్చున్నవాడికి అంతకంటే సుఖం లేదు.

ఇప్పుడు మూడోది. ఆకాశం నుంచి ఉల్క పడుతుంది, న్యూయార్క్ అంతా వదిలేసి సరిగ్గా పీటర్ బండి పక్కన. అందులోంచి వచ్చిన నల్ల పదార్థమే అతనికి నల్ల వేషం అవుతుంది. జైలు నుంచి పారిపోతున్న ఫ్లింట్ మార్కో కంచె దూకితే, సరిగ్గా అప్పుడే ప్రయోగం జరుగుతున్న ఇసుక గోతిలో పడతాడు. సైంటిస్టులు బరువు తేడా చూస్తారు, పిట్టేదో అయ్యుంటుంది, మెషిన్ ఆన్ చేస్తే అదే ఎగిరిపోతుంది అనుకుంటారు. పీటర్ నల్ల వేషాన్ని చర్చి గంట దగ్గర పీక్కుంటుంటే, సరిగ్గా కింద అతనంటే పడని ఎడ్డీ బ్రాక్ దేవుడికి మొక్కుకుంటూ ఉంటాడు. పీటర్ స్నేహితుడు హ్యారీకి తలకి దెబ్బ తగిలి మతిమరుపు వస్తుంది, కథకి కావాల్సినప్పుడు పోతుంది. అన్నిటికంటే ఘోరం, తండ్రిని చంపింది స్పైడర్‌మ్యానే అని నమ్మే ఆ హ్యారీ ఇంటి బట్లర్. మీ నాన్నగారు తన గాయం వల్లే పోయారు బాబూ అని ఎప్పుడు చెప్పాలి? మొదటి సినిమా అయిన వారానికి. ఈయన రెండు సినిమాలు ఆగి, చివరి ఫైట్‌కి ముందు చెబుతాడు. ఇలా ‘సరిగ్గా అప్పుడే’లు వరసగా పేర్చుకుంటూ పోతే ప్రేక్షకుడికి టెన్షన్ పుట్టదు.

సైనిక్‌పురి_శైలజ:

బాబాయ్ గారూ, బట్లర్ మీద కోపం పూర్తిగా న్యాయం.

నా గొడవ వేరు. మీరంతా మూడింటికీ ర్యాంకులిస్తున్నారు, క్లైమాక్స్ మాత్రం మూడింటిలోనూ ఒకటే అని ఎవరూ అనరేం? మొదటిదాంట్లో మేరీ జేన్ వంతెన మీంచి వేలాడుతుంది. రెండోదాంట్లో నది ఒడ్డున పాడుబడ్డ షెడ్డులో గొలుసులతో కట్టేస్తారు. మూడోదాంట్లో అంత ఎత్తున గాల్లో సాలెగూట్లో ఇరుక్కున్న ట్యాక్సీలో కూర్చోబెడతారు. ఎత్తు పెరిగింది, అంతకుమించి ఆ అమ్మాయికి ఎదుగుదల లేదు. కిర్‌స్టన్ డన్స్ట్ ఎంత బాగా చేసినా, చివరి అరగంట ఆవిడ పని కేకలు వేయడమే.

ఇందులో కూడా రెండోది కొంచెం మేలు. పెళ్లి పీటల మీంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడి, నీ ప్రమాదం సంగతి నువ్వొక్కడివే నిర్ణయిస్తావా, నాకూ నోరుంది అన్నట్టు మాట్లాడుతుంది. మూడోదాంట్లో ఆ అమ్మాయి నాటకానికి పేపర్లో చెడ్డ రివ్యూ వస్తే, పీటర్ వినడానికి బదులు తన అనుభవం చెప్పడం మొదలుపెడతాడు. నిజానికి ఆ సీన్ చాలా బాగా రాశారు. ఓదార్చడానికి బదులు ‘నాకూ ఇలాగే జరిగింది’ అని మొదలుపెట్టే మగాళ్లు మనందరికీ తెలుసు.

మూడోది_నాది:

పేరు చూస్తేనే తెలుస్తుంది నేనెవరి తరఫు వకీలునో. అందరి పోస్టులూ చదివాను. ఇంతమంది ఇంత రాశారు, ఫ్లింట్ మార్కో ఇసుక మనిషిగా పుట్టే సీన్ గురించి ఒక్క ముక్క లేదు.

గుర్తు చేస్తాను. రాత్రి ప్రయోగం అయిపోయింది, తెల్లారింది. గోతి మధ్యలో ఇసుక కుప్ప. ముందు ఒక్కొక్క రేణువూ కదులుతుంది, కుప్ప కొంచెం లేస్తుంది, మళ్లీ జారిపోతుంది. మెల్లగా భుజం లాంటిది, తల లాంటిది. మొహానికింకా కళ్లూ ముక్కూ సరిగా లేవు. నేల మీద కూతురి ఫోటో ఉన్న లాకెట్ పడి ఉంటుంది. తీసుకోబోతే వేళ్లు దాని మీదే రాలిపోతాయి. ఇంకోసారి చెయ్యి చాపి, ఈసారి చేతిని గట్టిపరుచుకుంటాడు. పట్టు దొరుకుతుంది. అప్పుడు మాత్రమే పైకి లేచి నిలబడతాడు. ఒక్క మాట లేదు, క్రిస్టఫర్ యంగ్ సంగీతం తప్ప. కూతురి కోసం లేచాడని డైలాగు పెట్టి చెప్పాల్సిన పనే లేదు.

రెండోదానికి విజువల్ ఎఫెక్ట్స్‌లో ఆస్కార్ ఇచ్చారు, సంతోషం. మొదటిది కనీసం నామినేషన్ దాకా వెళ్లింది. ఈ సీన్ ఉన్న మూడోదానికి నామినేషన్ కూడా లేదు. మీరు దండగ అనే సినిమాలో ఉన్న ఈ రెండు మూడు నిమిషాలకి సాటి వచ్చే ముక్క మిగతా రెండింటిలో చూపించండి.

ఎడిట్‌రూమ్_బాబాయ్:

చూపిస్తాను. రెండోదాంట్లో ఆసుపత్రి సీన్. డాక్టర్ ఆక్టేవియస్ వీపుకి అతుక్కున్న చేతుల్ని కోసేయడానికి సర్జన్లు రంపం పట్టుకోగానే ఆ చేతులు నిద్ర లేస్తాయి. సంగీతం ఆపేశారు. అరుపులు, ఇనుము చప్పుడు, గోడల మీద నీడలు, నేల మీద గోళ్ల గీతలు. రైమీ 1981లో ఈవిల్ డెడ్ అనే హారర్ సినిమా తీసినవాడు, ఇక్కడ పాత చెయ్యి చూపించాడు. పిల్లల సినిమాకి వచ్చి భయపడి బయటికి పోయిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ చేతులు కూడా మొత్తం కంప్యూటర్ బొమ్మలు కావు, చాలా షాట్లలో నిజంగా తయారుచేసి మనుషులు ఆడించినవి. ఆల్‌ఫ్రెడ్ మొలీనా వాటితో మాట్లాడుతుంటే అవి వింటున్నట్టు అనిపించడం అందుకే.

అయినా ఇసుక సీన్ గొప్పదే, కాదనను. నా లెక్కలో అది ఆ సినిమాకి చెందని సీన్. వేరే మంచి సినిమాలోంచి జారిపడింది.

చిక్కడపల్లి_చందు:

వకీలు గారూ, సీన్ ఒప్పుకున్నాం. కానీ ఆ ఇసుక మనిషి కోసం చేసిన పాపం సంగతేంటి? మొదటి సినిమాలో పీటర్ పొగరుకి పోయి ఒక దొంగని వదిలేస్తాడు, ఆ దొంగ బెన్ అంకుల్‌ని కాల్చి చంపుతాడు. స్పైడర్‌మ్యాన్ అనే మనిషి నిలబడిందే ఆ తప్పు మీద. మూడోదాంట్లో వచ్చి, చంపింది వాడు కాదు ఫ్లింట్ మార్కో అన్నారు. ఇక పీటర్ తప్పేముంది? అసలుకే ఎసరు పెట్టారు.

మూడోది_నాది:

చందు గారూ, చివర్లో మార్కో జరిగింది చెప్పే ముక్క మళ్లీ చూడండి. మార్కో కారు దగ్గర తుపాకీ పట్టుకుని దిగమంటాడు. బెన్ అంకుల్ భయపడడు, దాన్ని దించి ఇంటికెళ్లమని నెమ్మదిగా నచ్చజెబుతాడు. మార్కో మెత్తబడుతున్నట్టే ఉంటాడు. అప్పుడు వెనక నుంచి తోడుదొంగ డబ్బుతో పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని కుదుపుతాడు, తుపాకీ పేలుతుంది.

ఆ తోడుదొంగ ఎవరు? పీటర్ లిఫ్ట్ దగ్గర వదిలేసినవాడే. వాణ్ని అక్కడే పట్టుకుని ఉంటే ఆ కుదుపు లేదు, ఆ చావు లేదు. తప్పు ఎక్కడికీ పోలేదు. ఇంకా పెరిగింది, ఎందుకంటే ఆ చావులో ఇప్పుడు ముగ్గురికి వాటా ఉంది. అందుకే చివర్లో పీటర్ మార్కోని క్షమించగలిగాడు, ఇద్దరూ ఒకే నేరంలో భాగస్థులు కాబట్టి.

పాత_రీలు:

బాగా వాదించారు. ఇబ్బందల్లా ఏంటంటే, ఇంత మంచి విషయాన్ని సినిమా ఒక నిమిషంలో చెప్పేసి వదిలేసింది. పీటర్ నోటెంట ‘వాణ్ని వదిలింది నేనే’ అనే మాట ఆ క్షణంలో రావాలి. రాలేదు. మీరు చెప్పిన సినిమా మీ బుర్రలో ఉంది, తెర మీద సగమే ఉంది.

మూడోది తెలుగులో కూడా అట్టహాసంగా దిగింది, భోజ్‌పురిలో సైతం డబ్ చేశారంటే ఎంత నమ్మకంతో వచ్చారో చూడండి. ప్రసాద్స్‌లో పెద్ద తెర మీద చూశాను. వీధిలో నల్ల చొక్కాతో డాన్స్ చేస్తుంటే హాలు రెండుగా చీలింది. సగం మంది ఈలలు, సగం మంది ఇదేంట్రా అని పక్కవాణ్ని అడగడం. నేను ఈలల బ్యాచ్. తను చెడ్డవాడైతే ఎలా ఉంటాడని పీటర్ అనుకుంటాడో అదే ఆ డాన్స్. లైబ్రరీ కుర్రాడి ఊహలో చెడ్డతనం అంతకుమించి వెళ్లదు. రైమీ కావాలనే తీసిన కామెడీని సీరియస్‌గా తీసుకుని తిట్టడం అన్యాయం.

ఎడిట్‌రూమ్_బాబాయ్:

డాన్స్‌కి నేనూ ఓటేస్తాను. కథకి అడ్డం పడింది వెనమ్, అదే ఆ నల్ల వేషం అంటుకున్న ఎడ్డీ బ్రాక్. రైమీకి ఆ పాత్ర మీద మనసు లేదని, నిర్మాత ఆవీ ఆరాద్ పట్టుబట్టడం వల్లే పెట్టారని వాళ్లే బయట చెప్పారు. తెర మీద తెలిసిపోతుంది. టోఫర్ గ్రేస్ వెనమ్‌గా మారి ఎంతసేపు ఉన్నాడో చూడు, చివర్లో వచ్చి చివర్లోనే పోతాడు.

కాచిగూడ_కిరణ్:

మూడోదాంట్లో నాకు నచ్చింది ఒకటుంది. నల్ల డ్రెస్ ఎఫెక్ట్‌లో ఉన్నప్పుడు ఇంటి ఓనర్ వచ్చి అద్దె అంటే, ముందు ఈ తలుపు బాగుచెయ్, అప్పుడిస్తా అని మీద పడి అరుస్తడు. చందన్నా, డబ్బు కష్టం మూడోదాంట్లో లేదన్నరు గదా, ఉంది. రెండో పార్ట్‌లో తల దించుకున్న మనిషి ఇక్కడ తిరగబడ్డడు. ఇంకా మజా ఏందంటే, తిట్టించుకున్న ఓనర్ తర్వాత కూతురితో, మంచి పిల్లగాడే, ఏదో కష్టంలో ఉన్నట్టుండు అంటడు. అసుంటి ఓనర్‌ని హైదరాబాద్‌ల నేనైతే చూడలేదు. డిపాజిట్ రెండు నెలలది పట్టుకుని, గోడకు మేకు కొట్టినవని కోసుకుంటరు.

చిక్కడపల్లి_చందు:

ఆ ఓనర్ మాట నిజంగా గొప్పది. అయినా నా పాయింట్ పోలేదు కిరణ్. అక్కడ అద్దె ఒక జోకు, రెండోదాంట్లో అద్దె కథ నడిపిస్తుంది.

బోయిన్‌పల్లి_బన్నీ:

సరే, మీ మాటలు విని నిన్న రాత్రి రెండోది మళ్లీ పెట్టాను. ట్రైన్ సీన్ ఒప్పుకుంటున్నా. ఫైట్ కాదు, ఫైట్ అయ్యాక. మాస్క్ లేదు, డ్రెస్ చిరిగిపోయింది, పట్టాలు అయిపోయిన చోట రైలు ఆపి స్పృహ తప్పి పడిపోబోతుంటే లోపల జనం పట్టుకుని చేతుల మీదుగా వెనక్కి తీసుకెళ్తారు. పడుకోబెట్టి మొహం చూసి, కుర్రాడే, మా అబ్బాయికంటే పెద్దోడు కాదు అంటాడు ఒకాయన. ఇద్దరు పిల్లలు మాస్క్ తెచ్చిస్తారు, ఎవరికీ చెప్పం అని. తర్వాత ఆక్టోపస్ వస్తే ఆ మామూలు జనమే అడ్డం నిలబడతారు.

నో వే హోమ్‌లో మొహం ప్రపంచమంతా తెలిసిపోతే జనం ఇంటి ముందు గొడవ చేస్తారు. ఇక్కడ ఒక్క బోగీకి తెలిస్తే అందరూ నోరు మూసుకుంటారు. రెండూ ఒకేసారి ఆలోచిస్తే బుర్ర తిరిగింది.

పాత_రీలు:

బన్నీ, ఇందుకే నిన్ను ఈ థ్రెడ్ నుంచి తరిమెయ్యలేదు.

మూడోది_నాది:

రెండోదాని భక్తులకి నాదొక ప్రశ్న. పీటర్‌కి శక్తి ఎందుకు పోయింది? డాక్టర్ ఒంట్లో ఏమీ లేదంటాడు, మనసులో ఉందంటాడు. సరే. అయితే వీపు నొప్పి, కళ్లజోడు కూడా మనసులోవేనా? తర్వాత మేరీ జేన్‌ని ఎత్తుకుపోగానే అన్నీ ఒక్కసారి ఎలా తిరిగొచ్చాయి? మూడోదాంట్లో ఉల్క పడితే అదృష్టం అంటారు, రెండోదాంట్లో కళ్లజోడు అవసరం వచ్చి పోతే కవిత్వం అంటారు.

ఎడిట్‌రూమ్_బాబాయ్:

ఇది గట్టి దెబ్బే. నా సమాధానం: కారణం మసకగా ఉన్నా ఫలితం గట్టిగా ఉంది. కళ్లజోడు పెట్టుకోవాల్సి వస్తే ప్రేక్షకుడు కారణం అడగడు, అతనికి ముందు రాబోయే దాని గురించి భయపడతాడు. ఉల్క పడితే ఎవరికీ ఏమీ అనిపించదు.

సైనిక్‌పురి_శైలజ:

రెండోదాని మీద నాకూ ఒకటుంది, ఇంకా పెద్దది. ఆక్టేవియస్ భార్య రోజీ. భోజనాల బల్ల దగ్గర ఎంత ముచ్చటగా ఉంటారు ఇద్దరూ! అసలు వాళ్లిద్దర్నీ చూసే కదా పీటర్‌కి తనకీ ఇలా ఒకరుంటే బాగుండనిపించేది. ప్రయోగం బెడిసికొట్టి, పగిలిన అద్దాలు ఎగిరొచ్చి ఆవిడ చనిపోతుంది. ఆ తర్వాత ఈయన బ్యాంకు దోచుకుంటాడు, మే ఆంటీని ఎత్తుకుపోతాడు, రైలు బ్రేకులు విరగ్గొడతాడు. మళ్లీ ప్రయోగం, మళ్లీ ప్రయోగం. రోజీని ఎక్కడ తలుచుకున్నాడు?

పాత_రీలు:

నది ఒడ్డు షెడ్డులో తలుచుకుంటాడు కదండీ, రోజీ పోయింది, నా కల పోయింది అని.

సైనిక్‌పురి_శైలజ:

అవును, ఒక్కసారి. ఆ మరుక్షణమే ఆ నాలుగు ఇనప చేతులు చెవిలో ఏదో ఊదుతాయి, ఈయన మెషీన్ మళ్లీ కడదాం అంటాడు. అక్కణ్నుంచి చివర్లో నదిలో మునిగేదాకా ఆవిడ పేరెత్తడు. భార్య పోయిన మనిషికి ఆ మెషీనే కొత్త పెళ్లాం అయిపోయింది. ఇసుక మనిషి సినిమా అంతా కూతురి లాకెట్ పట్టుకుని తిరుగుతాడు, అందుకని ఈ ఒక్క విషయంలో మాత్రం వకీలు గారి వైపే నేను.

మూడోది_నాది:

థ్రెడ్ హెడ్డింగ్ మార్చండి చందు గారూ, ఒక ఓటు పడింది.